ఇంటి పిండివంటల బిజినెస్ పెరగాలంటే పార్ట్‌నరా, స్పాన్సరా, లోనా? నాకు జరిగింది చెప్తా

మీరు అడిగింది ఇదీ: ఉప్పల్ దగ్గర ఇంట్లోనే పిండివంటలు చేసి అమ్ముతున్నారు, మూడేళ్ళయింది, నెలకి 60 వేల అమ్మకం దగ్గర ఆగిపోయింది, ఇప్పుడు పార్ట్‌నర్‌ని కలుపుకోవాలా, స్పాన్సర్‌ని పట్టుకోవాలా, గవర్నమెంట్ లోన్‌కి పోవాలా, ఎవర్ని ఎట్లా అడగాలి అని. నేను వనస్థలిపురంలో 2016 నుంచి ఇదే పనిలో ఉన్నా, సకినాలు, చెక్కలు, గరిజెలు, జొన్న మురుకులు, సజ్జ మురుకులు చేస్తాం, ఇప్పుడు నాతో కలిపి ఏడుగురం ఆడవాళ్ళం. మీరు అడిగిన మూడూ నేను చేసి చూశా, ఒకదాంట్లో గట్టిగా దెబ్బ తిన్నా కూడా, అందుకే కొంచెం పెద్దగా రాస్తున్నా.

ముందు ఒకటి అడుగుతా, మీకు నిజంగా తక్కువైంది పైసలేనా? నేను కూడా మీలాగే 70 వేల దగ్గర ఆగిపోయినప్పుడు డబ్బుంటే చాలు అనుకున్నా. తర్వాత తెలిసింది, ఆగింది సజ్జ మురుకుల దగ్గర. ఒకసారి కొన్నవాళ్ళు రెండోసారి అడగట్లేదు, ఒకామె మాత్రం ఫోన్ చేసి అక్కా చేదొస్తున్నయి అని చెప్పింది. నూనె మార్చా, డబ్బా మార్చా, ప్యాకెట్ మందం పెంచా, ఏదీ పని చేయలేదు. అప్పుడు రాజేంద్రనగర్‌లో ఉన్న చిరుధాన్యాల పరిశోధన సంస్థ, ఐఐఎంఆర్ అంటారు కదా, అక్కడ రెండు రోజుల ట్రైనింగ్‌కి పోయా. అక్కడ చెప్పిన మాట ఏంటంటే సజ్జల్లో కొవ్వు వరి గోధుమల కన్నా ఎక్కువ, గింజ పగిలి పిండి అయిందంటే దాంట్లో ఉండే ఎంజైమ్ ఆ కొవ్వు మీద పని మొదలు పెడుతుంది, అందుకే సజ్జ పిండి కొన్ని రోజులకే చేదెక్కుతుంది అని. నేనేమో గిర్నికి మాటిమాటికి ఎవరు పోతారని నెలకి సరిపడా ఒక్కసారే పట్టించి పెట్టుకునేదాన్ని! గింజల్ని కాసేపు మరిగే నీళ్ళలో ముంచి తీసి బాగా ఆరబెట్టి పట్టిస్తే ఆ ఎంజైమ్ పని ఆగిపోతుందంట, ఇంక పిండి కూడా ఏ వారానికి ఆ వారమే పట్టిస్తే సరిపోతుంది. అంతే, చేదు పోయింది, ఆపేసిన వాళ్ళలో చాలామంది మళ్ళీ అడగడం మొదలుపెట్టారు. ఆ రోజు నాకెవరైనా 2 లక్షలు ఇచ్చి ఉంటే ఇంకా ఎక్కువ చేదు మురుకులు చేసి అమ్మి ఉన్న పేరు కూడా పోగొట్టుకునేదాన్ని అని ఇప్పటికీ అనిపిస్తుంది. బయటి సపోర్ట్ అనగానే అందరికీ డబ్బు గుర్తొస్తుంది గానీ నాకు మాత్రం మొదట అక్కరకొచ్చింది ఈ రెండు రోజుల చదువే. ఆ సంస్థలోనే న్యూట్రిహబ్ అని ఇంక్యుబేటర్, అంటే కొత్త బిజినెస్‌లు నిలదొక్కుకోవడానికి సాయం చేసే చోటు ఉంది, మీరు మిల్లెట్స్‌తో ఏదైనా చేస్తుంటే ఒకసారి పోయి కనుక్కోండి.

ఇంక పార్ట్‌నర్ సంగతి. నేను మొదలుపెట్టిందే మా ఫ్రెండ్‌తో కలిసి, చెరి 1,20,000 పెట్టాం. వంటంతా నాది, పొద్దున నాలుగింటికి లేచేదాన్ని, ఆమె ఫోన్ ఆర్డర్లు, డబ్బులు చూసేది. కాగితం ఏమీ రాసుకోలేదు, చిన్నప్పటి ఫ్రెండ్స్ మధ్య కాగితమేంటి అనుకున్నాం. రెండేళ్ళకి వాళ్ళాయనకి బెంగళూరు ట్రాన్స్‌ఫర్ అయింది, వెళ్ళేటప్పుడు సగం ఇచ్చేయమంది. సామాను సగం అంటే సరే, కానీ అప్పటిదాకా తీయకుండా బిజినెస్‌లోనే ఉంచిన లాభంలో కూడా సగం అంది, నేను చేసిన పనికి నెలకింత అని తీసుకోలేదు కదా అంటే, అట్లా ఎప్పుడనుకున్నాం అంది. సీఏ దగ్గరికి పోతే ఆయన పార్ట్‌నర్‌షిప్ చట్టం తీసి చూపించాడు, 1932 నాటిది, ఇప్పటికీ అదే నడుస్తుంది. వేరేగా రాసుకోకపోతే లాభనష్టాలు సమానం, పని చేసిన పార్ట్‌నర్‌కి జీతం అడిగే హక్కు లేదు. ఇద్దరిలో ఒకరే పొయ్యి దగ్గర నిలబడ్డా అంతే. పైగా ఫర్మ్ రిజిస్టర్ చేయకపోతే ఒప్పందంలో నాకు రావాల్సింది ఇప్పించండి అని కేసు కూడా వేయలేం, విడిపోయి లెక్కలు తేల్చమని అడగొచ్చు అంతే. చివరికి పది నెలల్లో 1,85,000 కట్టా. ఆమెది తప్పని నేను అనను, ఆమె డబ్బూ రెండేళ్ళు ఇరుక్కుపోయింది. కానీ మేం మళ్ళీ మునుపటిలా మాట్లాడుకోలేదు, అది మాత్రం ఇప్పటికీ బాధే.

అందుకే పార్ట్‌నర్‌ని కలుపుకుంటే ఎవరు ఎంత పెడుతున్నారు అన్నదొక్కటే కాదు, పని చేసేవాళ్ళకి నెలకి ఎంత, లాభం ఎట్లా పంచాలి, చెక్కు మీద ఎవరి సంతకం, ఎవరైనా వెళ్ళిపోతే వాటా విలువ ఎట్లా కట్టాలి, ఎన్ని నెలల్లో ఇవ్వాలి, బిజినెస్ పేరు ఎవరికి ఉంటుంది, ఇవన్నీ మొదటి రోజే రాసుకోండి, రిజిస్టర్ చేయించండి. ఇంకో సంగతి చాలామందికి తెలీదు, మామూలు పార్ట్‌నర్‌షిప్‌లో ఫర్మ్ పేరు మీద అప్పయితే ఇద్దరి సొంత ఆస్తులూ దానికి బాధ్యతే, మీ పార్ట్‌నర్ తెచ్చిన అప్పుకి కూడా మీరే కట్టాల్సి రావచ్చు. 2008 చట్టంతో వచ్చిన ఎల్‌ఎల్‌పీలో, అంటే పార్ట్‌నర్ల బాధ్యతకి పరిమితి ఉండే పార్ట్‌నర్‌షిప్‌లో, ఆ భయం తక్కువ, కానీ ఏటేటా ఫైలింగ్ ఖర్చు ఉంటుంది, మీ సైజుకి ఇప్పుడే వద్దంటా.

అసలు మీకు పార్ట్‌నర్ కన్నా టై-అప్ మేలు అనిపిస్తుంది నాకు, వాటా ఇవ్వకుండా కలిసి పని చేయడం. హయత్‌నగర్ వైపు ఒక గానుగ ఉంది, పల్లి నూనె, నువ్వుల నూనె తీస్తారు. నేను వాళ్ళ దగ్గర నూనె కొంటుండేదాన్ని. ఒకరోజు ఆయన్ని అడిగా, అన్నా నా ప్యాకెట్ మీద మీ గానుగ పేరు వేస్తా, మీరు నాకు రేటు తగ్గించి మీ కౌంటర్ మీద నా చెక్కలు పెట్టండి అని. వెంటనే ఒప్పుకోలేదు, ఆయన భయం ఏంటంటే నేను లోపల రిఫైన్డ్ కలిపి పైన ఆయన పేరు వేస్తే పోయేది ఆయన పరువు. న్యాయమైన భయమే కదా. ఎప్పుడైనా చెప్పకుండా వచ్చి మా వంటింట్లో చూసుకోవచ్చు అని కాగితం మీద రాసిచ్చా, అప్పుడు ఒప్పుకున్నాడు. రేటు మూడు నెలలకోసారి మాట్లాడుకుంటాం, మధ్యలో మార్చకూడదు. గానుగ నూనెతో నాకు కిలోకి 60 రూపాయల దాకా ఖర్చు పెరిగింది, కానీ అక్కడికి నూనె కోసం వచ్చేవాళ్ళు ఆ 60 గురించి అడగరు, వాళ్ళకి కావాల్సిందే అది. నా అమ్మకం ఎక్కువ పెరిగింది ఆ కౌంటర్ వల్లే. మీ వీధిలో పిండి గిర్ని, గానుగ, పాల బూత్, స్టీల్ సామాన్ల షాపు ఏముందో చూడండి, మీ కస్టమరే వాళ్ళ కస్టమర్ కూడా అయిన చోట అడగండి.

స్పాన్సర్‌షిప్ గురించి మీరు నాకెవరిస్తారు అని అడిగారు. చిన్న షాపుకి ఊరికే ఎవరూ ఇవ్వరండి, స్పాన్సర్ చూసేది మనుషుల్ని, నలుగురు చేరే చోటు ఉంటే ఇస్తారు. నేను సంక్రాంతికి ముందు సకినాలు చుట్టడం నేర్పిస్తా, ఇరవై మందికి, ఈ కాలం పిల్లలకి గుడ్డ మీద మెలి తిప్పుతూ చుట్టడం రాదు, అత్తగారి ముందు రావాలని వచ్చి నేర్చుకుంటారు. దానికి మా గిర్ని ఆయన 15 కిలోల తడి బియ్యప్పిండి ఫ్రీగా ఇస్తాడు, స్టీల్ సామాన్ల షాపు వాళ్ళు రెండు పెద్ద మూకుళ్ళు, జల్లిగంటెలు వాడుకోమని ఇచ్చి వాళ్ళ బోర్డు పెట్టుకుంటారు. నా చేతికి రూపాయి రాదు కానీ క్లాస్ ఖర్చు నా మీద పడదు, వచ్చిన ఇరవై మందిలో ఎక్కువమంది, ఇంత పని ఎవరు చేస్తారక్కా మీరే పంపండి అని ఆర్డర్ ఇచ్చి పోతారు.

మనం స్పాన్సర్ చేసే విషయానికొస్తే, ఒక ఏడాది వినాయకచవితికి ఒక మండపం దగ్గర ఫ్లెక్సీకి 15,000 ఇచ్చా, ముప్పై ఫ్లెక్సీల మధ్య నాదొకటి, ఆ తొమ్మిది రోజుల్లో ఒక్క ఫోన్ రాలేదు. భక్తితో చందా ఇవ్వండి, అది వేరే, బిజినెస్ కోసం అని ఇస్తే మాత్రం లెక్క చూసుకోవాలి. మరుసటి ఏడాది పక్క కాలనీ వాళ్ళు బతుకమ్మకి 10,000 అడిగితే, డబ్బు కాదమ్మా, తొమ్మిది రోజులూ రోజుకి మూడు ప్రైజులు నావి, అరకిలో ప్యాకెట్లు, సద్దుల బతుకమ్మ రోజు నువ్వుల సత్తు, పల్లి సత్తు అందరికీ పంచేది కూడా నాదే అని చెప్పా. బదులుగా మైకులో పేరు చెప్పాలి, వాళ్ళ వాట్సాప్ గ్రూప్‌లో ఒక్క మెసేజ్ పెట్టాలి, ఆడే చోట నాకొక టేబుల్ ఇవ్వాలి. అంతా కలిపి 6,500 దాకా అయింది. కొత్తగా ఫోన్ చేసిన ప్రతి ఒక్కరినీ మా గురించి ఎక్కడ విన్నారు అని అడిగి నోట్‌బుక్‌లో రాసుకున్నా, సంక్రాంతి లోపల ఆ కాలనీ నుంచే 64 ఇళ్ళు. తిన్నారు కాబట్టి అడిగారు.

షాపుల్లో పెట్టడం గురించి ఒక హెచ్చరిక. ఒక సూపర్‌మార్కెట్ వాళ్ళు అమ్మితేనే డబ్బులు, మిగిలితే వాపస్ అన్న పద్ధతి మీద తీసుకున్నారు, మార్జిన్ 30 శాతం, అమ్ముడైన సరుక్కి కూడా పైసలు 75 రోజులకి ఇచ్చేవాళ్ళు. చిన్నవాళ్ళకి అది చావే, ఇక్కడ రేపటి నూనెకి డబ్బులుండవు. అప్పుడు ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న యూనిట్‌గా కేంద్రం దగ్గర నమోదు, చేయించుకున్నా, ఆధార్‌తో ఆన్‌లైన్‌లో అవుతుంది, పూర్తిగా ఫ్రీ, దీనికి రెండు వేలు అడిగే ఏజెంట్ల దగ్గరికి పోకండి. చిన్న పరిశ్రమల కోసం ఉన్న 2006 ఎంఎస్‌ఎంఈ చట్టం ప్రకారం మన దగ్గర సరుకు తీసుకున్నవాళ్ళు రాతపూర్వక ఒప్పందం ఉంటే అందులో ఉన్న గడువులోపు, అదీ ఎంత రాసుకున్నా 45 రోజులు దాటకూడదు, ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో డబ్బు కట్టాలి, దాటితే రిజర్వ్ బ్యాంక్ ప్రకటించే బ్యాంక్ రేటుకి మూడింతల వడ్డీ, అదీ చక్రవడ్డీ. తయారు చేసి అమ్మే మనకి ఇది వర్తిస్తుంది, కొని అమ్మేవాళ్ళకి కాదు. పైగా 2023-24 నుంచి ఇన్‌కమ్ ట్యాక్స్‌లో కూడా మార్పు వచ్చింది, సూక్ష్మ, చిన్న యూనిట్లకి గడువులోపు కట్టని బాకీని కొన్నవాళ్ళు ఆ ఏడాది ఖర్చు కింద చూపించుకోలేరు. నేను గొడవ పడలేదు, కంప్లైంట్ పెట్టలేదు, వాపస్ పద్ధతి తీసేసి సీదా అమ్మకం అని రాయించుకుని, ఇన్‌వాయిస్ మీద ఉద్యమ్ నంబర్, 45 రోజుల మాట ప్రింట్ చేయించా. వాళ్ళ అకౌంటెంట్‌కి వెంటనే అర్థమైంది, తర్వాత నుంచి 40 రోజులకల్లా వస్తున్నాయి.

లోన్ మాత్రం చివరికే పెట్టుకోండి, కానీ పెట్టుకోండి. ఆర్డర్లు చేతిలో ఉండి చెయ్యలేకపోతున్న రోజు వస్తుంది చూడండి, అప్పుడు. నేను పీఎంఎఫ్‌ఎంఈ కింద తీసుకున్నా, చిన్న ఫుడ్ యూనిట్ల కోసం 2020లో కేంద్రం పెట్టింది, ప్రాజెక్ట్ ఖర్చులో 35 శాతం సబ్సిడీ, గరిష్ఠంగా 10 లక్షలు. నాది 6 లక్షల ప్రాజెక్ట్, మురుకుల మెషిన్, వేయించాక నూనె తీసే మెషిన్, ప్యాకింగ్ మెషిన్. నా వాటా 60,000, మిగతాది బ్యాంక్ లోన్, సబ్సిడీ 2,10,000. ఆ సబ్సిడీ చేతికి రాదు, బ్యాంక్‌లోనే పక్కన ఉంటుంది, మనం మూడేళ్ళు సరిగ్గా కడితే లోన్‌లో సర్దుతారు, వచ్చీ రాగానే ఖర్చు పెట్టుకోవచ్చు అనుకుని దిగితే ఇబ్బంది పడతారు. అప్లికేషన్‌కి సాయం చేయడానికి స్కీమ్ తరఫునే జిల్లాకి రిసోర్స్ పర్సన్ ఉంటారు, వాళ్ళకి మనం ఇవ్వాల్సిందేమీ లేదు. నా దగ్గరికొకడు 10 శాతం ఇస్తే శాంక్షన్ చేయిస్తా అని వచ్చాడు, వద్దని పంపించేశా, నాకు లోన్ వచ్చింది. ఇప్పుడు అప్లికేషన్లు తీసుకుంటున్నారా లేదా అన్నది జిల్లా పరిశ్రమల కేంద్రంలో అడిగి తెలుసుకోండి. అది కాకపోతే ముద్ర లోన్ ఉంది, 50 వేల దాకా శిశు, 5 లక్షల దాకా కిశోర్, తాకట్టు అడగకూడదు. ఏది అడిగినా బ్యాంక్ చూసేది మీ అకౌంట్‌లో డబ్బు తిరగడం, కాబట్టి ఇవాళ్టి నుంచే ఫోన్‌పే, గూగుల్‌పే అన్నీ బిజినెస్ అకౌంట్‌కే రానివ్వండి, ఇంటి ఖర్చు కలపకండి.

2018లో తెలంగాణ ప్రభుత్వం పెట్టిన వీ హబ్ ఆడవాళ్ళ బిజినెస్‌ల కోసమే, గాజులరామారంలో ఇండస్ట్రియల్ ఎస్టేట్ ఉన్న ఎలీప్ అనే ఆడ వ్యాపారుల సంఘం వాళ్ళు 1993 నుంచి ఉన్నారు, రెండు చోట్లా మీలాంటి పనిలో ఉన్నవాళ్ళు కలుస్తారు. ఇన్వెస్టర్ కోసం మాత్రం తిరగకండి, వాటా అడిగేవాళ్ళకి వాళ్ళు పెట్టిన డబ్బు తొందరగా ఎన్నో రెట్లు అవ్వాలి, చేత్తో చుట్టే సకినాలు అట్లా పెరగవు.

మీరు ఏమేం చేస్తారో, తిరిగి కొనేవాళ్ళు నెలకి ఎంతమందో రాయండి, ముందు ఎవర్ని అడగాలో దాన్ని బట్టి చెప్తా. గానుగ ఆయనతో రాసుకున్న కాగితం నా దగ్గరుంది, ఒకటిన్నర పేజీనే, పేర్లు తీసేసి ఇక్కడే టైప్ చేసి పెట్టమంటే పెడతా.