నాలుగో రోజుకే బుడగలు ఆగిపోతే బీరు పాడైనట్టేనా?

మీరు చెప్పింది ఇదీ: శనివారం ఈస్ట్ వేశారు. ఆదివారం సాయంత్రం దాకా చలనం లేదు. సోమవారం ఎయిర్‌లాక్ (లోపలి గ్యాస్‌ని బయటికి వదిలి, బయటి గాలిని లోపలికి రానివ్వని చిన్న బిరడా) టకటకా కొట్టుకుంది, బుధవారానికి ఆగిపోయింది. మూత తీస్తే బకెట్ గోడలకు గోధుమరంగు తెట్టు, కుళ్లిన గుడ్డు వాసన. పారబోయాలా అని అడిగారు.

పారబోయకండి. మీ బీరు చక్కగా పులుస్తోంది. అసలు పని చాలావరకు అయిపోయినట్టే ఉంది.

నా మొదటి బ్యాచ్‌కి నేను మీకంటే ఎక్కువ కంగారుపడ్డాను. అమెరికాలోని కొలంబస్‌లో జనవరి నెల. అద్దె అపార్ట్‌మెంట్‌లో బట్టల అల్మరాలో 5 గ్యాలన్ల బకెట్, అంటే దాదాపు 19 లీటర్ల పేల్ ఏల్ అనే రకం బీరు. 30 గంటలైనా ఒక్క బుడగ లేదు. రాత్రి రెండింటికి ఫోన్ లైటు వేసుకుని ఎయిర్‌లాక్ ముందు కూర్చున్నాను. ఈస్ట్ చచ్చిపోయిందనుకుని ఇంకో ప్యాకెట్ వేద్దామని మూత తీశాను. తీరా చూస్తే లోపల రెండంగుళాల మందాన తెల్లటి నురగ! మూత లోపలి రబ్బరు రింగు ఒకచోట మడతపడి ఉంది. గ్యాస్ అంతా ఆ అంచులోంచి పోతోంది. రింగు సర్ది, మోకాలు పెట్టి మూత నొక్కగానే ఎయిర్‌లాక్ కొట్టుకోవడం మొదలైంది. అప్పటినుంచి బుడగల లెక్క నేను నమ్మను.

ఆదివారం దాకా చలనం లేకపోవడం కూడా మామూలే. ఈస్ట్ ముందు తన సంఖ్య పెంచుకోవాలి కదా. రుబ్బిన దోసెల పిండి రెండు గంటలకే పొంగలేదని ఎవరం పారబోయం. 12 నుంచి 24 గంటలు సర్వసాధారణం. గది చల్లగా ఉన్నా, ప్యాకెట్ పాతదైనా ఇంకా ఆలస్యమవుతుంది. 72 గంటలు దాటినా నురగ లేకపోతే, హైడ్రోమీటర్ (చక్కెర ఎంత మిగిలిందో సాంద్రతను బట్టి చూపే పరికరం) రీడింగ్ కూడా దిగకపోతే, అప్పుడు కొత్త ఈస్ట్ సంగతి ఆలోచించాలి.

ఆ గోధుమరంగు తెట్టు పేరు క్రాయిజెన్. ఈస్ట్, ప్రోటీన్లు, హాప్స్ అనే పూల చేదు కలిసి నురగగా పైకి లేచి, మూడు నాలుగు రోజుల్లో కిందికి కుంగిపోతాయి. గోడకు మిగిలిన వలయం చూడ్డానికి మురికిగా ఉన్నా, పులిసిందనడానికి అంతకంటే మంచి సాక్ష్యం లేదు. అడుగున మడ్డి పేరుకుంటుంది, మధ్యలో ముద్దలు తేలతాయి. కదిలించకండి. గుడ్డు వాసన గంధకానిది. కొన్ని ఈస్ట్‌లు, ముఖ్యంగా చల్లగా పులియబెట్టే లాగర్ బీర్లవి, అలాగే కంపు కొడతాయి. చాలాసార్లు కొద్ది రోజుల్లో గ్యాస్‌తో పాటు అదీ పోతుంది. అన్నట్టు, మూత తీసి ముక్కు నేరుగా లోపల పెట్టకండి, కార్బన్ డయాక్సైడ్ సూదుల్లా గుచ్చుతుంది.

రెండో బ్యాచ్‌లో దీనికి పూర్తిగా ఉల్టా జరిగింది. జూలైలో స్టౌట్ అనే నల్లటి బీరు పెట్టాను. తెల్లారి లేచేసరికి ఎయిర్‌లాక్ ఎగిరిపడి ఉంది, మా ఆవిడ పట్టుచీర మీద నల్లటి నురగ. చీరకు ప్లాస్టిక్ కవరు ఉండబట్టి బతికిపోయాను. అదీ పాడవడం కాదు, జోరు ఎక్కువైంది, అంతే. ఎయిర్‌లాక్ బదులు లావుపాటి ట్యూబు పెట్టి, రెండో కొసను శానిటైజర్ నీళ్లలో ముంచితే సరిపోయేది. వేడి కూడా ఒక కారణం. పులిసేటప్పుడు లోపలి వేడి గదికంటే కొన్ని డిగ్రీలు ఎక్కువ ఉంటుంది, కాబట్టి బకెట్‌కే థర్మామీటర్ స్టిక్కర్ అంటించండి. మామూలు ఏల్ ఈస్ట్‌కి 18 నుంచి 20 సెల్సియస్ హాయి.

నిజంగా పాడైతే ఎలా ఉంటుందంటే, ఆవకాయ జాడీలో పట్టే బూజు తెలుసుగా, అలా పచ్చగానో నల్లగానో నూగు కనిపిస్తుంది. లేదా నురగ కుంగిపోయాక పైన పాలమీగడలా ముడతలుపడిన తెల్లటి పొర కడుతుంది. వెనిగర్ వాసన రోజురోజుకీ ఘాటెక్కడం ఇంకో గుర్తు. మీరు చెప్పినవాటిలో ఇవేవీ లేవు.

ఇక బుడగలు ఆగాయని ఈ వారాంతమే సీసాల్లో పోయకండి. చక్కెర మిగిలి ఉంటే సీసాలో ఒత్తిడి పెరిగి గాజు పేలుతుంది. నా మొదటి బ్యాచ్ హైడ్రోమీటర్ రీడింగ్ 1.048 దగ్గర మొదలై 1.011కి వచ్చి ఆగింది, అంటే ఆల్కహాల్ సుమారు 4.9 శాతం. అది తేలడానికి నాకు రెండు వారాలు పట్టింది. కొలవడానికి తీసిన బీరు మళ్లీ బకెట్‌లో పోయకండి, రుచి చూడండి. చప్పగా, గ్యాస్ లేకుండా ఉన్నా బీరులాగే ఉండాలి.

ఇది చదివి హైదరాబాద్‌లోనో విజయవాడలోనో మొదలుపెట్టాలనుకునేవాళ్లకు ఒక మాట: అక్కడ లైసెన్సు లేకుండా ఇంట్లో బీరు కాయడం నేరం. అమెరికాలో 1978లో జిమ్మీ కార్టర్ సంతకం చేసిన చట్టం పుణ్యమా అని, ఇద్దరు పెద్దవాళ్లున్న ఇంటికి ఫెడరల్ పన్ను లేకుండా ఏడాదికి 200 గ్యాలన్ల దాకా కుదురుతుంది, అదీ అమ్మకుండా.

ఇవాళ ఒక రీడింగ్ తీయండి, మూడు రోజులు ఆగి ఇంకోటి. రెండూ ఒకటే అయితే పులవడం ఆగినట్టు. మధ్యలో మూత తీయొద్దు. రెండు అంకెలూ, మొదటి రోజు రీడింగూ ఇక్కడ పెట్టండి, సీసాలు కడగాలో ఇంకో వారం ఆగాలో చెప్తాను.