ఈక మొనతో మీటిన పాటలు

చిరంజీవి బుజ్జమ్మకు పెదనాన్న ఆశీస్సులు. ఉభయకుశలోపరి.

నీ సందేశం రెండుసార్లు చదివాను. ఆఫీసు క్యాంటీనులో ఏదో పాత ఇంగ్లీషు పాట వచ్చిందనీ, అందులో ఎవరో పియానో తీగలను గోళ్లతో మీటుతున్నట్టు ఒక శబ్దం వినిపించిందనీ, అలాంటివి ఇంకా ఎక్కడ దొరుకుతాయో చెప్పమనీ అడిగావు. గోళ్లతో మీటుతున్నట్టు అన్నావు చూడు, అక్కడే సగం కనిపెట్టేశావు. ఆ వాద్యం హార్ప్‌సికార్డ్. చూడటానికి పియానోకు అక్కలా ఉంటుంది, గుణం మాత్రం వీణది.

పియానోలో మెట్టు నొక్కితే లోపల చిన్న సుత్తి వెళ్లి తీగను కొడుతుంది. హార్ప్‌సికార్డ్‌లో సుత్తి లేదు. మెట్టు అవతలి కొస మీద సన్నని చెక్కపుల్ల ఒకటి నిలబడి ఉంటుంది. వేలు పడగానే అది పైకి లేస్తుంది, దానికి అడ్డంగా గుచ్చిన పక్షి ఈక మొన తీగను మీటుతుంది. వేలు తీస్తే పుల్ల కిందికి దిగి, దానికున్న చిన్న గుడ్డముక్క తీగ నోరు మూయిస్తుంది. ఈ రోజుల్లో ఈకకు బదులు ఎక్కువగా ప్లాస్టిక్ వాడతారనుకో. తమాషా ఏమిటంటే, నువ్వు మెల్లగా నొక్కినా, కోపంగా నొక్కినా దాదాపు ఒకటే చప్పుడు. మన వీణలా మీటడమైతే ఉంది కానీ తీగను లాగి గమకం పలికించే వీలు లేదు.

ఇదొక లోపమనే చాలాకాలం అనుకున్నాను. ఇప్పుడు అదే దాని బలం అంటాను. పాటలో గాయకుడు కుమిలిపోతుంటాడు, వయొలిన్లు కమానుతో నిట్టూరుస్తుంటాయి, మధ్యలో హార్ప్‌సికార్డ్ మాత్రం ముఖం మార్చకుండా తన లెక్క తాను చెప్పుకుంటూ పోతుంది. ఏడుపు ఇంట్లో ఏడవకుండా పనులు చక్కబెట్టే పెద్దమనిషిలాగ. ఆ ఒక్కరు లేకపోతే పాట పాకం ముదిరిపోతుంది. నీకు ఆ పాట ఎందుకు నచ్చిందో నాకు తెలియదు కానీ, నాకైతే ఇందుకే నచ్చుతుంది.

వెతకడానికి 'బరోక్ పాప్' అనే మాట వాడు. 1600 నుంచి 1750 దాకా యూరప్‌లో సాగిన సంగీతాన్ని బరోక్ అంటారు, జర్మన్ స్వరకర్త బాఖ్ కాలం. 1965 ప్రాంతంలో లండన్, న్యూయార్క్, లాస్ ఏంజెలెస్ స్టూడియోల్లో కుర్రాళ్లు ఆ వాద్యాలను తెచ్చి మూడు నిమిషాల పాటల్లో కూర్చారు. కానీ ఆ పేరును మరీ నమ్మకు. నాలుగు వయొలిన్లు వెనక మోగితే చాలు, ఆ చీటీ అంటించేస్తారు. వయొలిన్లు తీసేసినా పాట నిలబడుతోందంటే అవి అలంకారమే, దాన్ని పక్కన పెట్టెయ్యి.

ముందు ఒకే ఒక పాట తీసుకో. ద లెఫ్ట్ బ్యాంక్ అనే న్యూయార్క్ బృందం 1966లో ఇచ్చిన 'వాక్ అవే రెనే'. దాన్ని కట్టినప్పుడు, బృందంలో కీబోర్డు వాయించే మైకేల్ బ్రౌన్‌కు పదహారేళ్లు. తండ్రి స్టూడియో నడిపే వయొలిన్ విద్వాంసుడు కాబట్టి తీగ వాద్యాలు ఆ పిల్లవాడికి ఇంటి సరుకే. రెనే అనే అమ్మాయి నిజంగానే ఉంది, బృందంలో మరొకరి స్నేహితురాలు. రికార్డింగ్ రోజున ఆమె అద్దం అవతల నిలబడేసరికి బ్రౌన్‌కు చేతులు వణికి హార్ప్‌సికార్డ్ మెట్ల మీద వేళ్లు నిలవలేదట. ఆమె వెళ్లిపోయాక మళ్లీ వచ్చి వాయించాడు. ఇప్పుడు విను, ఆ మీటు ఎంత నిబ్బరంగా ఉంటుందో!

ఆ పాటను మెట్రోలో వినకు. రాత్రి గదిలో కూర్చుని వరసగా నాలుగైదుసార్లు విను, విన్న ప్రతిసారీ ఒక్క వాద్యం వెంటే పోవాలి. ఒకసారి హార్ప్‌సికార్డ్, ఒకసారి తీగలు, ఒకసారి మధ్యలో వచ్చే వేణువు. గొంతు వైపు మనసు జారితే జారనీ, తిరిగి పట్టుకో. ఇరవై పాటల జాబితా ఒకేసారి పెట్టుకుని వింటే అన్నీ కలిసి హోటల్ లాబీ సంగీతం అయిపోతాయి.

నా పొరపాటు ఒకటి చెబుతాను, నవ్వకు. హాస్టల్లో ఉన్నప్పుడు గదిలో స్నేహితుడు ఎక్కించి ఇచ్చిన క్యాసెట్ ఒకటి ఉండేది, పైన పాటల పేర్లు కూడా లేవు. అందులో బీటిల్స్ వాళ్ల 1965 నాటి 'ఇన్ మై లైఫ్' ఉంది. మధ్యలో వచ్చే బిట్టు హార్ప్‌సికార్డ్ అని పదేళ్లపాటు కనపడిన వాళ్లందరికీ ఉపన్యాసం ఇచ్చాను. తీరా చూస్తే అది పియానో! వాళ్ల నిర్మాత జార్జ్ మార్టిన్ రాసుకున్న స్వరాలను ఆ వేగంలో తానే వాయించలేక, టేపును సగం వేగంతో తిప్పి నింపాదిగా వాయించి, తరువాత మామూలు వేగంతో నడిపించాడు. దాంతో శ్రుతి ఒక స్థాయి పైకి లేచింది, ప్రతి స్వరం టక్కున మొదలై టక్కున ఆరిపోయింది. అందుకే ఈక మీటినట్టు ఉంటుంది. నీ చెవి కూడా మోసపోతుంది, ఫరవాలేదు.

ఆ తరువాత ఏ వరసలో విన్నా ఇబ్బంది లేదు కానీ 1966 నాటి రెండు మాత్రం వదలకు. ఒకటి బీటిల్స్‌దే, 'ఎలినార్ రిగ్బీ'. నాలుగు వయొలిన్లు, వాటికన్నా పెద్దవైన రెండు వియోలాలు, ఇంకా పెద్దవైన రెండు చెల్లోలు, అంతే. బీటిల్స్‌లో ఒక్కరు కూడా అందులో వాద్యం ముట్టలేదు. రెండోది బీచ్ బాయ్స్ అనే అమెరికా బృందం 'పెట్ సౌండ్స్' ఆల్బమ్‌లోని 'గాడ్ ఓన్లీ నోస్'. ఫ్రెంచ్ హార్న్ అనే ఇత్తడి ఊదు వాద్యంతో మొదలై, హార్ప్‌సికార్డ్, అకార్డియన్, గుర్రపుబండి గజ్జెలు కూడా కలిసి, చివర గొంతులు ఒకదాని వెనక ఒకటి తరుముకుంటూ వస్తాయి. దాన్ని కూర్చిన బ్రయన్ విల్సన్‌కు కుడి చెవి దాదాపు వినపడేది కాదు. ఆ ఆల్బమ్‌ను మోనోలోనే, అంటే రెండు చెవుల్లోనూ ఒకటే శబ్దం వచ్చేలా, తయారుచేయడానికి అదీ ఒక కారణం. నువ్వు కూడా ముందు మోనో ప్రతినే విను. అదే కాలపు కొన్ని స్టీరియో పాటల్లో గొంతును ఒక పక్కకు నెట్టేశారు. అలాంటివి తగిలినప్పుడు ఆ పక్క ఇయర్‌ఫోన్ తీసి చూడు, వాద్యాలు విడిగా దొరుకుతాయి.

ఇక నీకు తాళం వచ్చు కాబట్టి ఒక పరీక్ష. ద స్ట్రాంగ్లర్స్ బృందం 'గోల్డెన్ బ్రౌన్', 1982లో బ్రిటన్‌లో రెండో స్థానం దాకా వెళ్లిన పాట. మొరటు సంగీతానికి పేరుపడ్డ వాళ్లు ఉన్నట్టుండి హార్ప్‌సికార్డ్ పట్టుకున్నారు. మొదట్లో వచ్చే వాద్యభాగానికి చెయ్యి వేసి చూడు. తకిట తకిట తకిట తకధిమి. మూడు మూళ్లు, ఒక నాలుగు, మొత్తం పదమూడు. పాట ఎత్తుకోగానే బుద్ధిగా మూడులోకి వచ్చేస్తుంది. ఆ మలుపులో మీ పెద్దమ్మ చెయ్యి ఎప్పుడూ తప్పదు, నాది ఇప్పటికీ తప్పుతుంది.

చివరికి ఈ దారి బాఖ్ దగ్గరకు చేరుతుంది, భయపడకు. బ్రాండెన్‌బుర్గ్ కన్చెర్టోలు అనే అతని రచనల్లో అయిదోది పెట్టుకో. మొదటి భాగం చివర మిగతా వాద్యాలన్నీ ఆగిపోయి హార్ప్‌సికార్డ్ ఒక్కటే చాలాసేపు చెలరేగిపోతుంది. అప్పటిదాకా తాళానికి తోడుగా ఉన్న మనిషి లేచి నిలబడి మాట్లాడినట్టు ఉంటుంది. అది విన్నాక ఇళయరాజా 1986 నాటి 'హౌ టు నేమ్ ఇట్?' విను. బాఖ్ పోయిన పదిహేడేళ్లకు త్యాగరాజు పుట్టారు. ఆ ఆల్బమ్‌ను ఇళయరాజా ఆ ఇద్దరికీ కలిపి అంకితమిచ్చారు.

ఇంకో మాట. ఇంట్లో నువ్వు వదిలి వెళ్లిన కీబోర్డు ఉంది కదా, అలాంటివాటిలో సాధారణంగా హార్ప్‌సికార్డ్ శబ్దం కూడా ఉంటుంది. నకలే అనుకో, అయినా నిన్న దుమ్ము దులిపి నొక్కి చూశాను. కింది సా మెట్టు లేవడం లేదు. పండక్కి వచ్చేటప్పుడు చిన్న స్క్రూడ్రైవరు తెచ్చుకో, ఇద్దరం కలిసి విప్పుదాం.

ఆశీస్సులతో,
పెదనాన్న