ఆ వీడియో ఫోనులో ఉన్నా నేరమేనా?

సందేహం: నేను ఆక్లాండ్‌లో చదువుకుంటున్నాను. క్రైస్ట్‌చర్చ్ మసీదుల్లో కాల్పుల వీడియోను మా వాట్సాప్ గ్రూపులో ఎవరో పెట్టారు. దానంతటదే నా ఫోనులో చేరింది. ఉగ్రవాదం ఎంత క్రూరమైనదో తెలియాలని హైదరాబాద్‌లోని ఇద్దరు మిత్రులకు పంపాను. నేను దాన్ని సమర్థించలేదు కదా, ఇది నేరమవుతుందా?

సమాధానం: అవుతుంది. మీ ఉద్దేశాన్ని నేను శంకించడం లేదు. అయితే ఈ చట్టం ముందు ఆ ఉద్దేశం మిమ్మల్ని కాపాడదు.

2019 మార్చి 15న ఆ దాడిలో 51 మంది ప్రాణాలు కోల్పోయారు. మూడు రోజులకే న్యూజిలాండ్ చీఫ్ సెన్సార్ ఆ వీడియోను ‘అభ్యంతరకరం’గా వర్గీకరించారు. ఈ మాట మన చెవికి మెత్తగా వినిపిస్తుంది కానీ, ఇక్కడి 1993 నాటి వర్గీకరణ చట్టంలో దాని అర్థం పూర్తి నిషేధం. అటువంటిది దగ్గర ఉంచుకుంటే, సంగతి తెలియకపోయినా 2,000 డాలర్ల వరకు జరిమానా పడవచ్చు. తెలిసి ఉంచుకుంటే 10 ఏళ్ళ వరకు, తెలిసి పంచితే 14 ఏళ్ళ వరకు జైలు. ఇవి గరిష్ఠ శిక్షలు. అందరికీ అంత పడదు. కానీ 2019లోనే, సుమారు 30 మందికి ఈ వీడియో పంపిన క్రైస్ట్‌చర్చ్ వ్యక్తికి 21 నెలల జైలు పడింది. అతను ఆ హత్యలను మెచ్చుకున్నవాడు, మీరు కాదు. ఆ తేడా శిక్ష తగ్గించడానికి పనికి వస్తుంది, నేరాన్ని మాత్రం చెరపదు.

ఇంత కఠినత్వం ఎందుకో చెప్పాలి. హంతకుడు కెమెరా తగిలించుకుని వెళ్ళిందే నలుగురూ చూడాలని. ఆ 17 నిమిషాల ప్రసారాన్ని ఫేస్‌బుక్‌లో ప్రత్యక్షంగా చూసింది 200 మంది లోపే. తర్వాతి 24 గంటల్లో ఆ సంస్థ తొలగించిన ప్రతులు 15 లక్షలు! అన్నిటినీ అతని అభిమానులే పంచారని నేను అనుకోను. మీలాగే బాధతో, కోపంతో పంపినవారు ఎందరో. చనిపోయినవారిలో హైదరాబాద్, కరీంనగర్ నుంచి వచ్చినవారూ ఉన్నారు. వారి ఆఖరి క్షణాలు ఎవరి చేతిలోని ఫోనులోనో తిరగడానికి ఆ కుటుంబాలు ఒప్పుకోలేదు, వారిని ఎవరూ అడగనూ లేదు. దాడి ఎంత దారుణమో చెప్పడానికి వార్తలు చాలు.

ఇక చేయవలసింది. పోలీసులు మిమ్మల్ని ఇప్పటికే సంప్రదించి ఉంటే ఏదీ చెరపకండి, ముందు క్రిమినల్ లాయరును కలవండి. మీది విద్యార్థి వీసా అయితే శిక్ష పడిన రికార్డు దానికీ అడ్డు వస్తుంది. ఎవరూ సంప్రదించకపోతే చాట్‌లో, గ్యాలరీలో, ట్రాష్‌లో, క్లౌడ్ బ్యాకప్‌లో ఉన్న ప్రతులన్నీ తీసివేయండి. వాట్సాప్‌లో ఆటో డౌన్‌లోడ్ ఆపండి. మిత్రులిద్దరికీ ఫోను చేసి, వారి దగ్గర ఉన్నదీ తీసివేయమని, ఇంకెవరికీ పంపవద్దని చెప్పండి. గ్రూపులో మళ్ళీ వస్తే తెరవకుండా న్యూజిలాండ్ అంతర్గత వ్యవహారాల శాఖకు ఫిర్యాదు చేయండి. ఆధారం కోసమని కూడా స్క్రీన్‌షాట్ తీయవద్దు, ఆ దృశ్యం సైతం నిషేధం కిందికి రావచ్చు.