కరెంటు పోయిన రాత్రి చూసిన ‘ది థింగ్’

రిలీజైనప్పుడు అందరూ తిట్టిపోసిన సైన్స్ ఫిక్షన్ సినిమా ఏళ్ళు గడిచాక కల్ట్, అంటే వీరాభిమానులు పదేపదే చూసుకునే సినిమా, ఎలా అవుతుంది? జాన్ కార్పెంటర్ తీసిన ‘ది థింగ్’ విషయంలో నాకు అది అర్థమైంది అనంతపురంలో, ఒక ఎండాకాలం రాత్రి.

చదువుకునే రోజులు. రూములో ఐదుగురం ఒకే కంప్యూటర్ ముందు కూర్చున్నాం. కథ అంటార్కిటికాలో, మంచులో చిక్కుకున్న 12 మంది మగవాళ్ళు, వాళ్ళ మధ్యకొచ్చిన ఒక గ్రహాంతర జీవి. అది ఎవరిని మింగితే అచ్చం వాళ్ళలాగే తయారైపోతుంది. ఎవరు మనిషో తేల్చడానికి హీరో అందరి రక్తం గాజు గిన్నెల్లో పట్టి, కాల్చిన తీగ ఒక్కోదాంట్లో ముంచుతుంటాడు. ఆ జీవి రక్తమైతే వేడికి తప్పించుకోవాలని చూస్తుంది. ఒకటి చుయ్‌మంది, ఇంకొకటి చుయ్‌మంది, తీగ మళ్ళీ ఎర్రగా కాల్చాడు, సరిగ్గా అప్పుడు కరెంటు పోయింది.

గంటకు పైగా రాలేదు. చెమటలు కారుతున్నా ఒక్కడూ మిద్దెపైకి పోలేదు. “ఆ పెద్దాయనే అప్పా, రక్తం దాచిన ఫ్రిజ్ తాళం ఆయన దగ్గరే కదా ఉండింది” అని ఒకడు, కాదని ఇంకొకడు, చీకట్లో ఒకటే వాదన. కరెంటొచ్చాక చూస్తే, మేమెవరం అనుకోని వాడి రక్తం గిన్నెలోంచి ఎగిరి పడింది.

1982 జూన్ 25న వచ్చిందీ సినిమా. రెండు వారాల ముందే స్పీల్‌బర్గ్ ‘ఇ.టి.’ వచ్చి, గ్రహాంతరవాసి అంటే జనానికి ముద్దొచ్చేస్తోంది. అలాంటప్పుడు ఇంత జుగుప్స ఏమిటని, పాత్రలకు ప్రాణం లేదని విమర్శకులు ఏకిపారేశారు. ఎన్నియో మోరికోన్ సంగీతాన్ని, చెత్త సినిమాలకిచ్చే వెటకారపు అవార్డుకు నామినేట్ చేశారంటే చూడండి! ఆ భయంకర రూపాల్లో చాలావాటిని కంప్యూటర్ లేకుండా రబ్బరులాంటి వాటితో తయారుచేసిన రాబ్ బొటీన్‌కి అప్పటికి 22 ఏళ్ళే.

నా ఉద్దేశంలో ఆ విమర్శకులు రక్తం, జిగురు చూసి ఆగిపోయారు. పక్కనున్నవాడు ఎవడో తెలియకపోవడమే ఇందులో అసలు భయం, అది మళ్ళీ చూస్తేనే పూర్తిగా దొరుకుతుంది. అందుకే వీడియో క్యాసెట్లు, టీవీ దీన్ని బతికించాయి, ఇంట్లో ఆపి ఆపి చూసుకోవచ్చు కాబట్టి.

మేమూ అదే చేశాం. మర్నాడు రాత్రి మొదటినుంచి పెట్టి, కుక్క రూపంలో ఉన్న ఆ జీవి నెమ్మదిగా ఒక గదిలోకి పోయే సీన్ దగ్గర ఆపేశాం. గోడమీద ఒక మనిషి నీడ తల తిప్పుతుంది. ఆ జుట్టు ఎవరిదో మా ఐదుగురికీ ఇప్పటికీ కుదరలేదు.