మరువం దోచాడా, ఎత్తుకుపోయాడా?

సందేహం: ఇంగ్లండు పల్లెపాట ఒకటి తెలుగు చేస్తున్నాను. తన తోటలోని థైమ్ అనే సువాసన మొక్కను ఒకడు కాజేశాడని అందులో ఒక అమ్మాయి బాధపడుతుంది. ‘నా వామును దోచాడు’ అని రాస్తే, మా అక్క ‘వాము ఏంటే, వంటింటి పాటలా ఉంది’ అంది. ఏం రాయాలి?

సమాధానం: మీ అక్కగారి మాట నిజం. థైమ్‌లో, వాములో ఉన్న ఘాటు ఒకటే, థైమాల్ అనే పదార్థానిది. కానీ వాము అనగానే మనకు జంతికలు, కడుపునొప్పి గుర్తొస్తాయి. మరువం అనండి. తులసి, పుదీనాలతో పాటు అదీ థైమ్ కుటుంబంలోదే. పైగా పూలదండలో కట్టుకునే ఆకు. ఇంగ్లీషులో ఆ మొక్క పేరూ, కాలం అనే మాటా ఒకేలా పలుకుతారు. అందుకే పాటలో తోట జాగ్రత్త అంటే ప్రాయం జాగ్రత్త అని. ఆ శ్లేష తెలుగులోకి రాదు. అయితే ‘మరువం’ అంటే ‘మరచిపోం’ అని కూడా కదా, మీకు మరో శ్లేష దొరికింది.

నా అసలు అభ్యంతరం ‘దోచాడు’ మీద. మనసు దోచాడు అంటే తెలుగులో మెప్పు. మీ వాక్యంలో ఆ పిల్ల మురిసిపోతున్నట్టుంది, పాటలో ఏడుస్తోంది. అలాగని ‘చెరిచాడు’ వద్దు, బలవంతం వచ్చి పడుతుంది. ఆమె ఇష్టపడింది, నమ్మింది, వాడు వెళ్ళిపోయాడు. ‘ఎత్తుకుపోయాడు’ అనండి. అందులో దొంగతనమూ ఉంది, పోవడమూ ఉంది.

ఇంతకు మించి విప్పి చెప్పకండి. ఈ పాటలకు తోటే చాటు. 1903లో ఇంగ్లండులోని సోమర్సెట్ ప్రాంతంలో, హాంబ్రిడ్జ్ అనే ఊళ్ళో జాన్ ఇంగ్లండ్ అనే తోటమాలి పాడగా, పల్లెపాటలు సేకరించే సిసిల్ షార్ప్ రాసుకున్న పాట దీనికి తోబుట్టువే. అందులోనూ పిల్ల వయొలెట్, లిల్లీ, పింక్ అనే పూలు వద్దని, జూన్‌లో పూసే గులాబీ కోసం ఆగుతుంది. చివరికి దక్కేది విల్లో చెట్టు, ఇంగ్లండులో అది ప్రేమలో వంచితులైనవాళ్ళ గుర్తు. ఒక్క పచ్చి మాట లేదు, విన్నవాళ్ళకు అంతా తెలుసు. ఇలా చాటు లేని పాటల్ని షార్ప్ అచ్చువేసేటప్పుడు మాటలు మార్చాడు. ఆయన రాతప్రతుల్లోని అసలు మాటలతో కవి జేమ్స్ రీవ్స్ పుస్తకం వచ్చింది 1958లో.

ఇంకొక చోట మీకు చిక్కు రావచ్చు. థైమ్ పోయిన చోటల్లా ‘రూ’ మొలిచిందని పాట. అది మన సదాపాకు. ఇంగ్లీషులో ఆ పేరుకు పశ్చాత్తాపం అనే అర్థమూ ఉంది. సదాపాకు అన్న మాటలో ఆ బాధ వినిపించదు. అక్కడ మాత్రం మొక్కను వదిలేసి ‘వగపు మొలిచింది’ అని రాయండి. ‘మొలిచింది’ ఉంది కాబట్టి తోట ఎక్కడికీ పోదు.