రెండోసారి అదే దారిలో: భయానక చిత్రాల రెండో భాగాలపై పాఠకుల ప్రశ్నలు

గత సంచికలో దెయ్యం సినిమాల గురించి వచ్చిన వ్యాసం చదివి నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి చాలామంది ఉత్తరాలు రాశారు. మాటలు వేరైనా దాదాపు అందరూ అడిగింది ఒకటే: భయపెట్టిన సినిమాకు రెండో భాగం తీస్తే, అది మొదటిదానికి సాటి రాగలదా? వాటిలో కొన్నింటికి ఇక్కడ జవాబు రాస్తున్నాను.

ప్రశ్న: మొదటి భాగం చూసిన రాత్రి హాస్టల్లో మేం నలుగురం లైటు ఆర్పకుండా పడుకున్నాం. రెండో భాగానికి ఎంతో ఆశగా వెళ్లాం. ఇంకా పెద్ద బంగళా, ఇంకా పెద్ద దెయ్యం, చెవులు చిల్లులు పడే సంగీతం, అన్నీ ఉన్నాయి గానీ భయం మాత్రం వేయలేదు. మేం పెద్దవాళ్లమైపోయామా, లేక సినిమాలోనే లోపం ఉందా?
– డిగ్రీ విద్యార్థిని, కావలి

జవాబు: లోపం మీ వయసులో లేదమ్మా. నా చిన్నతనంలో మా ఊరి నుంచి సింగరాయకొండకు సైకిలు మీద వెళ్లి రెండో ఆట చూసి వచ్చేవాళ్లం. దారిలో ఒక సరుగుడు తోపు ఉండేది. సముద్రపు గాలికి ఆ తోపు చేసే హోరు, ఎవరో మన వెనకే ఊపిరి పీలుస్తూ వస్తున్నట్టు ఉంటుంది. సైకిలుకు ఉన్నది డైనమో లైటు. భయపడి ఆగితే అదీ ఆరిపోతుంది కనుక, గుండె దడదడలాడుతున్నా తొక్కుతూనే ఉండాలి. మర్నాడు పగటిపూట అదే దారిన వెళ్లి, ఆ చప్పుడు సరుగుడు ఆకులదేనని చూసుకున్నాను. తర్వాతి వారం రాత్రి అదే తోపు, అదే హోరు, అయినా నాలో ఆ దడ లేదు. తోపు మారలేదు, నాకు సంగతి తెలిసిపోయింది, అంతే.

రెండో భాగం తీసేవారికి ఎదురయ్యే అసలు చిక్కు ఇదే. మొదటి సినిమాలో సగం భయాన్ని కల్పించేది మన తెలియనితనం. స్పీల్‌బర్గ్ 1975లో తీసిన ‘జాస్’లో సొరచేప పూర్తిగా కనిపించేది సినిమా సగం దాటిన తర్వాతే. దానికి ఒక కారణం, యంత్రంతో చేయించిన ఆ సొరచేప ఉప్పునీటిలో పదే పదే పాడైపోవడం. చూపించడానికి చేప సిద్ధంగా లేకపోవడంతో నీటిని, ఆ చేపకు తగిలించిన పీపాలను చూపించి, సంగీతాన్ని వినిపించి భయపెట్టవలసి వచ్చింది. 1978లో రెండో భాగం వచ్చేసరికి ఆ చేప ఎలా ఉంటుందో లోకమంతటికీ తెలుసు. దాన్ని ఎంతసేపు చూపించినా ప్రేక్షకుడికి కొత్తగా అందేదేమీ లేదు.

ఇంతకంటే గట్టి ఉదాహరణ జపాన్‌లో ఉంది. 1998లో ‘రింగ్’ అనే సినిమాను, దాని కొనసాగింపు అయిన ‘రాసెన్’ను ఒకే రోజున విడుదల చేశారు. ఒక వీడియో క్యాసెట్టు చూసినవారు వారంలో చనిపోతారన్న మొదటి కథ జనాన్ని వణికించింది. అది ఎలా జరుగుతుందో వైరస్ పేరుతో శాస్త్రీయంగా విడమరచి చెప్పబోయిన రెండో కథను జనం తిరస్కరించారు. చివరికి మొదటి చిత్ర దర్శకుడు హిదెయో నకాతా చేతనే, ‘రాసెన్’ అనేదే రానట్టుగా, 1999లో మరో రెండో భాగం తీయించారు. ఒకే రోజున వచ్చిన రెండు సినిమాలలో ఒకటి నిలిచి ఒకటి కూలింది కనుక, మధ్యలో కాలం మారిందనో ప్రేక్షకుడు ఎదిగాడనో అనుకునే వీలు లేదు. వివరణ భయాన్ని తినేస్తుందని నేను నమ్మడానికి ఇంతకు మించిన రుజువు అక్కరలేదు.

ప్రశ్న: ‘చంద్రముఖి’ని ఎన్నిసార్లు చూసినా విసుగు రాదు. దానికి కొనసాగింపుగా ఆ దర్శకుడే తీసిన ‘నాగవల్లి’ని రెండోసారి చూడాలనిపించలేదు. ఎందుకంటారు?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, ఒంగోలు

జవాబు: మాస్టారూ, ‘చంద్రముఖి’ని దెయ్యం సినిమా అంటున్నాం గానీ, ఆ భయమంతా గంగ అనే ఇల్లాలి మనసులో నుంచి పుట్టినది. 1993లో ఫాజిల్ మలయాళంలో తీసిన ‘మణిచిత్రతాళు’కు అదే ప్రాణం. పి.వాసు దాన్ని 2004లో కన్నడంలోనూ, 2005లో తమిళంలోనూ తీశారు. ఆ తమిళ చిత్రమే మనకు తెలుగులో వచ్చింది. మనతో పాటు భోజనాల దగ్గర కూర్చుని, అందరినీ ఆప్యాయంగా పలకరించే గంగే మూసి ఉంచిన గదిలో గజ్జెలు కట్టుకుంటున్నదని తెలిసిన క్షణాన ఒళ్లు జలదరిస్తుంది. ఆ రహస్యం ఒక్కసారే విప్పగలిగినది. 2010లో వచ్చిన ‘నాగవల్లి’కి అది మిగలలేదు కనుక, కథలో నాట్యకత్తెను చంపిన పాత రాజు ఇంకా బతికే ఉన్నాడన్న మలుపు తెచ్చుకోవలసి వచ్చింది. వెంకటేశ్ నటనను నేను తప్పుపట్టను. కానీ మనసులో ఉండవలసిన శత్రువు కత్తి పట్టుకుని బయటికి వచ్చాక, మనం చూసేది పోరాటం మాత్రమే. ఇంట్లో మనిషినే అనుమానించవలసి రావడంలో ఉన్న వణుకు అందులో దొరకదు. మీరు మళ్లీ మళ్లీ ‘చంద్రముఖి’ చూడడానికి కారణం కూడా గంగ మీద కలిగే జాలేనని నా అభిప్రాయం. భయం మొదటిసారితో తీరిపోయినా జాలి తీరదు.

ప్రశ్న: మొదటి భాగం చూడకుండా రెండోది చూస్తే అర్థమవుతుందా?
– పాఠకుడు, కోవూరు

జవాబు: పేరులో అంకె ఉన్నంత మాత్రాన కథ కొనసాగుతుందని కాదు. 2017లో వచ్చిన ‘రాజు గారి గది 2’ కథకు మొదటిదానితో సంబంధం లేదు. దాన్ని విడిగానే చూడవచ్చు. ‘మా ఊరి పొలిమేర’ వంటి కథలను మాత్రం వరుసలోనే చూడాలి.

ప్రశ్న: మొదటిదానికి దీటుగా నిలిచిన రెండో భాగం ఒక్కటైనా ఉందా? ఉంటే దాని గొప్పతనం ఏమిటి?
– గృహిణి, దర్శి

జవాబు: ఉందండీ, అది కూడా చాలా పాతది. జేమ్స్ వేల్ 1931లో ‘ఫ్రాంకెన్‌స్టీన్’ తీశారు. శవాల ముక్కలతో చేసిన ఆ వికృతరూపం అందులో మాట్లాడదు. 1935లో ఆయనే తీసిన ‘బ్రైడ్ ఆఫ్ ఫ్రాంకెన్‌స్టీన్’లో, అడవిలో ఒంటరిగా ఉంటున్న ఒక గుడ్డి ముసలివాడు దాన్ని ఇంట్లోకి పిలుస్తాడు. రూపం కనబడదు కనుక ఆయనకు భయం లేదు. రొట్టె పెడతాడు, పక్కన కూర్చోబెట్టుకుని మాటలు నేర్పుతాడు. స్నేహితుడు అన్న మాటను అది కష్టపడి పలుకుతుంది. కాసేపటికి చూపున్న మనుషులు వచ్చి ఆ ఇంటి ప్రశాంతతను చెడగొడతారు. మొదటి భాగంలో మనం దాన్ని చూసి భయపడ్డాం, రెండో భాగంలో దానికేమవుతుందోనని భయపడతాం. దర్శకుడు భయాన్ని పెంచలేదు, మరో చోటికి మార్చాడు. దీటుగా నిలవడానికి నాకు తెలిసిన దారి ఇదొక్కటే.

మన దగ్గర ‘మా ఊరి పొలిమేర’ 2021లో ఓటీటీలో వచ్చి, 2023లో దాని రెండో భాగం థియేటర్లకు చేరగలిగిందంటే, మొదటి కథ చివర మిగిల్చిన ప్రశ్నకు జనం నిజంగానే సమాధానం కోరుకున్నారు. ప్రశ్న మిగలని కథను పొడిగించిన చోటల్లా మనకు హంగామాయే మిగిలింది.

ప్రశ్న: మా మిత్రులం కలిసి పన్నెండు నిమిషాల లఘుచిత్రం తీశాం. అర్ధరాత్రి పాడుబావి దగ్గర గిలక తిరుగుతున్న చప్పుడు వినిపిస్తుంది, వెళ్లి చూస్తే ఎవరూ ఉండరు, చేద మాత్రం తడిగా ఉంటుంది. ఊళ్లో అందరూ మెచ్చుకున్నారు. రెండో భాగంలో నీళ్లు తోడుతున్నది ఎవరో గ్రాఫిక్స్‌తో చూపించాలనుకుంటున్నాం. సలహా ఇవ్వగలరా?
– పాలిటెక్నిక్ విద్యార్థి, ఆత్మకూరు

జవాబు: తడిసిన చేదను చూపించి ఆపేయడం ఎంతో మంచి ఆలోచన, దాన్ని దయచేసి మీ చేతులతో మీరే పాడుచేసుకోకండి. ఎంత డబ్బు పెట్టి ఎంత భయంకరమైన ముఖాన్ని తయారు చేసినా, మీ ఊరివాళ్లు ఆ రాత్రి ఇళ్లకు నడిచి వెళుతూ తమకు తాము ఊహించుకున్న ముఖానికి అది సరిరాదు. తోడుతున్నది ఎవరన్నది వదిలేసి, ఆ నీళ్లు ఎక్కడికి చేరుతున్నాయో ఆలోచించండి. అవి ఊళ్లో ఏదో ఒక ఇంటికి చేరుతూ ఉండాలి కదా. ఆ ఇంట్లో ఒక ముసలమ్మ ఉందనుకోండి, తెల్లవారి లేచేసరికి బిందె నిండి ఉండడం ఆమెకు ఎన్నో ఏళ్లుగా అలవాటు, ఎవరు నింపుతున్నారని ఆమె ఏనాడూ అడగలేదు. మీ రెండో భాగాన్ని గిలక చప్పుడు వినిపించని మొదటి రాత్రితో, ఖాళీ బిందె ముందు కూర్చున్న ఆ ముసలమ్మతో మొదలుపెట్టి చూడండి. చిత్రం పూర్తయ్యాక నాకు తప్పకుండా పంపండి.