క్లయింట్ సాఫ్ట్‌వేర్ చూసి చెప్పమంటే అది గుమస్తా పని కాదండీ

గాజువాక నుంచి ఒక తండ్రి అడిగారు: మా అమ్మాయి ఇన్‌స్ట్రుమెంటేషన్‌లో డిప్లొమా, తర్వాత బీటెక్ చేసి ఆటోనగర్‌లో ఒక చిన్న ఆటోమేషన్ కంపెనీలో ట్రైనీగా చేరి నాలుగు నెలలైంది, ఇప్పుడు వాళ్ల సార్ మూడు ఓపీసీ క్లయింట్ సాఫ్ట్‌వేర్లు (ప్లాంట్ మెషీన్ల నుంచి డేటా తీసుకునేవి) ఇచ్చి ఏది కొనాలో రెండు వారాల్లో చూసి చెప్పమన్నారంట, తనేమో ఇది డౌన్‌లోడ్ చేసి క్లిక్ చేసే పని, ఇందులో ఇంజనీరింగ్ ఏముంది, మానేసి హైదరాబాద్ వెళ్లి జావా కోచింగ్‌లో చేరతానంటోంది, పంపమంటారా?

పంపొద్దని నేను అనను గానీ ఈ రెండు వారాలు మాత్రం ఆగమనండి. ట్రైనీకి ఇలాంటి పని దొరకడం అరుదు, ఎక్కువమందికి మొదటి ఏడాదంతా ప్యానెల్ వైరింగ్ చెక్ చేయడం, కేబుల్ ట్యాగులు అంటించడంతోనే గడిచిపోతుంది.

మీకు అర్థమయ్యేలా చెప్తా. ప్లాంట్‌లో పీఎల్సీలు (మెషీన్లని నడిపే చిన్న కంప్యూటర్లు) ఒక్కో కంపెనీవి ఒక్కో భాషలో మాట్లాడతాయి, వాటన్నిటి నుంచీ ఒకే పద్ధతిలో డేటా తీసుకోవడానికి 1996లో ఓపీసీ వచ్చింది, అది విండోస్ డీకామ్ (వేర్వేరు కంప్యూటర్లలోని ప్రోగ్రాములు మాట్లాడుకునే పద్ధతి) మీద నడిచేది, దాన్ని సెటప్ చేసినవాళ్లని అడగండి ఎంత నరకమో చెప్తారు, ఆ తర్వాత వచ్చిన ఓపీసీ యూఏకి విండోస్‌తో పని లేదు, పీఎల్సీ లోపలే సర్వర్ ఉండొచ్చు. డేటా ఇచ్చేది సర్వర్, అడిగి తీసుకునేది క్లయింట్. ఆపరేటర్ ప్లాంట్‌ని చూసే స్కాడా స్క్రీన్, పాత రీడింగులు దాచిపెట్టే హిస్టోరియన్, మేనేజర్‌కి వెళ్లే రిపోర్ట్, ఇవన్నీ ఆ క్లయింట్ ఏం చెప్తే అదే నమ్ముతాయి.

కౌన్సిలింగ్‌లోకి రాకముందు నేనూ కొన్నేళ్లు సైట్లలో తిరిగినవాడినే. ఒక ప్లాంట్‌లో (పేరెందుకులెండి) నైట్ షిఫ్ట్‌లో ట్యాంక్ లెవెల్ 62 శాతం దగ్గర గీత గీసినట్టు నిలబడింది, ఆపరేటర్ ఈరోజు లెవెల్ భలే కంట్రోల్‌లో ఉందని సంతోషపడ్డాడు, తెల్లారి చూస్తే నెట్‌వర్క్ స్విచ్‌లో పోర్ట్ పోయింది, క్లయింట్ ఆఖర్న వచ్చిన నంబర్‌నే పట్టుకుని రాత్రంతా అదే చూపించింది. ట్యాంక్ పొంగలేదు, మా అదృష్టం. ఆ సాఫ్ట్‌వేర్ కొనేముందు ఎవరైనా ఒక్కసారి కేబుల్ పీకి చూసుంటే పది నిమిషాల్లో తెలిసేది.

ఇక అమ్మాయికి నేరుగా రాస్తున్నా. చూడు తల్లీ, బ్రోషర్లు పక్కపక్కన పెట్టి ఫీచర్లకి టిక్కులు కొట్టుకుంటూ పోతే అది నిజంగానే గుమస్తా పని, నీ పని ఆ సాఫ్ట్‌వేర్‌ని ఇబ్బంది పెట్టడం. లైవ్ ప్లాంట్ పీఎల్సీ జోలికి మాత్రం వెళ్లకు, పొరపాటున ఒక ట్యాగ్‌లో (పీఎల్సీలో ఒక్కో విలువకి ఉండే పేరు) ఏదైనా రాసేశావంటే మోటార్ తిరుగుద్ది. లాప్‌టాప్‌లో ఉత్తుత్తి డేటా ఇచ్చే ప్రోసిస్ సిమ్యులేషన్ సర్వర్ వేసుకో, పక్కన ఉచితంగా దొరికే యూఏఎక్స్‌పర్ట్ అనే క్లయింట్ పెట్టుకో, మూడు సాఫ్ట్‌వేర్లనీ దాంతో పోల్చి చూడు. వేరే మెషీన్‌లో సర్వర్ పెట్టి నడుస్తుండగా కేబుల్ పీకెయ్. విలువ పక్కన క్వాలిటీ గుడ్ నుంచి బ్యాడ్‌కి మారిందా, ఎన్ని సెకన్లకి మారింది, కేబుల్ మళ్లీ పెడితే తనంతట తనే కనెక్ట్ అయి సబ్‌స్క్రిప్షన్లు (విలువ మారినప్పుడల్లా పంపమని సర్వర్‌కి పెట్టుకున్న అడుగుళ్లు) తిరిగి పెట్టుకుందా లేక నువ్వే రీస్టార్ట్ చేయాల్సొచ్చిందా, ఇది రాసుకో. నా దృష్టిలో సగం మార్కులు దీనికే.

తర్వాత సెక్యూరిటీ. చాలామంది సెక్యూరిటీ మోడ్ నన్ (ఏ రక్షణా లేదు) అని పెట్టి కనెక్ట్ చేసి వచ్చేసింది సార్ అంటారు, అది లెక్కలోకి రాదు, సైన్ అండ్ ఎన్‌క్రిప్ట్‌లో బేసిక్256షా256 అనే సెక్యూరిటీ పాలసీ పెట్టి చెయ్. మొదటిసారి సర్వర్ సాధారణంగా నీ సర్టిఫికెట్‌ని (క్లయింట్‌కి గుర్తింపు కార్డు లాంటిది) తిరస్కరిస్తుంది, సర్వర్ వైపు వెళ్లి దాన్ని నమ్మమని చెప్పాలి, అప్పటికీ రాకపోతే రెండు మెషీన్ల గడియారాలు చూడు, టైమ్ తప్పుంటే సర్టిఫికెట్ చెల్లదంటుంది. ఇంకోటుంది, ఇది అందర్నీ ఏడిపిస్తుంది: నువ్వు ఐపీ అడ్రస్, పోర్ట్ నంబర్ కరెక్ట్‌గానే కొడతావు, సర్వర్ మాత్రం ఎండ్‌పాయింట్ (కనెక్ట్ అవ్వాల్సిన అడ్రస్) కింద తన కంప్యూటర్ పేరు తిప్పి పంపుతుంది, ఆ పేరు నీ మెషీన్‌కి తెలీదు, కనెక్షన్ రాదు. ఏ క్లయింట్ దీన్ని సర్దుకుంటుంది, ఏది కారణం చెప్పకుండా ఊరికే ఎర్రర్ కొడుతుంది అనేది రిపోర్ట్‌లో ఉండాలి.

టైమ్ విషయం కూడా చూడు, ఓపీసీ యూఏలో టైమ్‌స్టాంపులు యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయం) వస్తాయి, క్లయింట్ మార్చకపోతే మన గడియారానికి ఐదున్నర గంటలు వెనక్కి ఉంటాయి, పరవాడలో ఏదో ఫార్మా కంపెనీకి బ్యాచ్ రిపోర్ట్ ఇస్తే ఆడిటర్ దాని మీదే కూర్చుంటాడు. పది ట్యాగులతో అన్నీ బాగానే ఉంటాయి, ఐదు వేలు పెట్టి రెండు రోజులు వదిలేసి మెమరీ పెరుగుతూ పోతోందా చూడు. డెమో వెర్షన్లు కొన్ని రెండు గంటలకే ఆగిపోతాయి, అందుకే అమ్మేవాళ్లని ముందే ట్రయల్ లైసెన్స్ అడుగు, అడగడానికి మొహమాటపడకు, వాళ్లెంత త్వరగా స్పందిస్తారో కూడా దీంతోనే తెలిసిపోద్ది. లైసెన్స్ ట్యాగుల లెక్కనా, కంప్యూటర్‌కి కట్టేసి ఉంటుందా అదీ అడుగు. మీ కస్టమర్ల దగ్గర ఇంకా డీకామ్ మీద నడిచే ఆ పాత ఓపీసీ (ఓపీసీ డీఏ) ఉంటే, 2023 మార్చిలో మైక్రోసాఫ్ట్ డీకామ్ సెక్యూరిటీని ఆఫ్ చేసే వీల్లేకుండా బిగించేసింది, అప్‌డేట్ పడ్డాక కనెక్ట్ అవుతుందో లేదో చూడకుండా సంతకం పెట్టకు.

అయ్యా, మళ్లీ మీకు. మొదట్లో జీతం ఐటీ కన్నా తక్కువే, అందులో దాపరికం లేదు. కమిషనింగ్ (కొత్త సిస్టమ్‌ని మొదటిసారి నడిపించే) టైమ్‌లో రాత్రిళ్లు సైట్‌లో ఉండాల్సొస్తుంది, ఆడపిల్ల అని మీకు బెంగ ఉంటుంది, రాత్రి దింపే వెహికల్ ఎవరిది, తనతో పాటు ఇంకెవరు ఉంటారు అని తననే కంపెనీని అడగమనండి, మీరు వెళ్లి అడగకండి. ఈ పని వచ్చినవాళ్లకి స్కాడా, హిస్టోరియన్, ఫార్మాలో సాఫ్ట్‌వేర్ వ్యాలిడేషన్ వైపు దారులున్నాయి, స్టీల్ ప్లాంట్, రిఫైనరీ, అచ్యుతాపురం ఇవన్నీ మనకి గంట ప్రయాణంలోనే ఉన్నాయి.

జావా మీద మనసుంటే దానికీ ఇక్కడే పనుంది. ఎక్లిప్స్ మైలో అని ఓపీసీ యూఏకి ఉచిత జావా లైబ్రరీ ఉంది, సాయంత్రాలు దాంతో సొంతంగా ఒక చిన్న క్లయింట్ రాసి ఆ మూడింటి పక్కన నాలుగోదిగా పెట్టమనండి, కేబుల్ పీకినప్పుడు అదేం చేస్తుందో కూడా చూడమనండి. రిపోర్ట్ ఇచ్చాక కూడా హైదరాబాదే అంటే పంపేయండి, ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచి బస్సులు అప్పుడూ ఉంటాయి.